పెళ్లి బాలీలో... పిలుపు మల్దకల్‌కు!

పెళ్లిపత్రిక వచ్చింది. దాన్ని తీసుకెళ్లి ముందు తిమ్మప్ప పాదాల దగ్గర పెట్టారు. ఇంటికొచ్చి తీరిగ్గా చదివితే 'కల్యాణ వేదిక' అన్నచోట కళ్లు ఆగిపోయాయి. గద్వాల ఫంక్షన్ హాలు కాదు, కర్నూలు కాదు, హైదరాబాదూ కాదు... బాలీ!

'యాడుందిరా ఆ ఊరు? బస్సు పోతదా?' అవ్వ అడిగింది.

జోగులాంబ గద్వాల జిల్లా మల్దకల్‌లో ఒక ఇంట్లో ఇలా జరిగిందనుకుందాం. పాలమూరు జనానికి ఊరు దాటడం కొత్తకాదు. బొంబాయి, పుణె అంటూ పనికోసం మూటాముల్లే సర్దుకున్న తరాలున్నాయి. చుట్టాల్లా దేశం దాటడమే కొత్త. 2023 నవంబరు 1న వరుణ్‌తేజ్, లావణ్యా త్రిపాఠిల పెళ్లి ఇటలీలోని టస్కనీలో జరిగింది. ఆనక హైదరాబాదులో విందు ఇచ్చారు. పెళ్లిళ్లు మనదేశంలోనే చేసుకోండని అదే నెల 'మన్ కీ బాత్'లో ప్రధాని కోరారు. అయినా మోజు తగ్గలేదు. సినిమావాళ్ల ముచ్చట సాఫ్ట్‌వేర్ పిల్లల దాకా వచ్చేసింది.

పిలిచేవాళ్లు హోటలు, పూలు, ఫొటోగ్రాఫరు అన్నీ చూసుకుంటారు. అసలు చిక్కు మాత్రం పెద్దవాళ్ల కాగితాల్లో ఉంటుంది. పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి తేవాల్సిన మేనమామే పాస్‌పోర్టు లేక ఊళ్లో ఆగిపోతే ఆ పెళ్లికి ఎన్ని హంగులుండి ఏం లాభం?

పేరే పెద్ద చిక్కు

మల్దకల్ చుట్టుపక్కల తిమ్మప్పలు, తిమ్మన్నలు, తిమ్మమ్మలకు కొదవలేదు. ఊరి పేరే మనిషి పేరుగా పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. ఊళ్లో ఆ ఒక్క పేరు చాలు. పాస్‌పోర్టులో అలా కాదు, అసలు పేరుకో గడి, ఇంటిపేరుకో గడి ఉంటాయి. ఆధార్‌లో పొడి అక్షరంతో, రేషన్ కార్డులో పూర్తి ఇంటిపేరుతో, బ్యాంకు పుస్తకంలో రెండూ లేకుండా ఉంటే అక్కడే బండి ఆగుతుంది. ఇక పుట్టినతేదీ! మన పెద్దవాళ్లలో ఎంతమంది 'జనవరి ఒకటి'నే పుట్టారో చూస్తే నవ్వొస్తుంది. ఆ తేదీతో ఇబ్బంది లేదు. ఒక కార్డులో ఒకటి, ఇంకో కార్డులో ఇంకోటి ఉంటేనే తంటా. కాబట్టి ముందు కార్డులన్నీ ఒకచోట పరిచి, పేరూ తేదీ అక్షరం పొల్లుపోకుండా సరిచూడండి. దిద్దుబాట్లు అయ్యాకే పాస్‌పోర్టుకు దరఖాస్తు చేయండి.

ఒంటి పేరుతో పాస్‌పోర్టు ఇస్తారు కదా అంటారా? ఇస్తారు. కానీ పెళ్లి దుబాయ్‌లో అయితే? ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవారిని సందర్శక వీసా మీద రానివ్వబోమని యూఏఈ 2022 నవంబరులో తేల్చిచెప్పింది. పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరో కుటుంబం పేరో ఉంటే సరేనని తర్వాత కాస్త సడలించింది. ఈ తలనొప్పి ఎందుకు? దరఖాస్తులోనే రెండు గడులూ నింపేస్తే పోలా! విమానం టికెట్టు మీద కూడా పాస్‌పోర్టులో ఉన్న పేరే ఉండాలి. పిల్లలు ముద్దుగా పిలిచే పేరుతో బుక్ చేస్తే కౌంటరు దగ్గర ముద్దు చేయరు.

గద్వాల వైపు వారికి మహబూబ్‌నగర్‌లో పోస్టాఫీసు పాస్‌పోర్టు సేవాకేంద్రం ఉంది. మామూలుగా 36 పేజీల పుస్తకానికి 1,500 రూపాయలు, తత్కాల్ అయితే 3,500. అరవై దాటినవారికి కొత్త పాస్‌పోర్టు రుసుంలో పదిశాతం తగ్గింపు. పోలీసు విచారణ ఉంటుంది కాబట్టి ఆ రోజుల్లో ఊళ్లోనే ఉండాలి. పాతది ఉన్నవాళ్లు గడువు చూసుకోండి. చాలా దేశాలు చేరేనాటికి ఇంకా ఆరునెలలు మిగలాలంటాయి.

పదో తరగతి పాసైనట్టు చూపలేనివారి పాస్‌పోర్టు 'ఈసీఆర్' కోవలోకి వెళ్తుంది. ఆ మాట విని 'ఇంక మనల్ని పోనియ్యరు' అని బెంబేలుపడతారు. అది ఉద్యోగానికి వెళ్లేవారిని మోసాల నుంచి కాపాడేందుకు పెట్టిన నిబంధన. గల్ఫ్ దేశాలతోపాటు థాయ్‌లాండ్, ఇండోనేషియా, మలేషియా కూడా ఆ 18 దేశాల జాబితాలో ఉన్నాయి. పెళ్లికి వెళ్లేవారికి ఆ అనుమతి అక్కర్లేదు. కాకపోతే తిరుగు టికెట్టు, హోటలు బుకింగు, శుభలేఖ చేతిలో ఉండాలి. యాభై దాటినవారికైతే చదువుతో పనిలేకుండానే మినహాయింపు. అవ్వకు ఏ బెంగా లేదు!

వీసా సంగతి

బాలీలో దిగాక వీసా ఇస్తారు. 30 రోజులకు ఐదులక్షల రూపియాలు. అంకె చూసి గుండె పట్టుకోకండి, అవి వాళ్ల రూపాయలు! 2024 ఫిబ్రవరి నుంచి పర్యటకుల రుసుం మరో లక్షన్నర రూపియాలు. పెళ్లి మార్చిలో అయితే 'న్యేపి' ఎప్పుడో చూడండి. ఆ మౌనదినాన బాలీ విమానాశ్రయం కూడా రోజంతా మూతే. థాయ్‌లాండ్ 2024 జులైలో మనవాళ్లకు వీసా లేకుండా 60 రోజులు ఉండే వీలిచ్చింది. ఇలాంటి వెసులుబాట్లు మారిపోతుంటాయి కాబట్టి టికెట్టు కొనేముందు ఆ దేశ రాయబార కార్యాలయం ప్రకటన చూడటం తప్పనిసరి. ఇటలీ లాంటిచోటికైతే షెంగెన్ వీసాకు 90 యూరోలు, 30 వేల యూరోల వైద్యబీమా కావాలి, స్వయంగా వెళ్లి వేలిముద్రలివ్వాలి. ఆరునెలల ముందునుంచే దరఖాస్తు చేయొచ్చు. చివరి నిమిషం దాకా ఆగితే అంతే సంగతులు.

మధ్యలో విమానం మారాల్సి వస్తే మొత్తం ప్రయాణానికి ఒకే టికెట్టు తీసుకోండి. రెండు వేర్వేరు టికెట్లయితే మధ్య దేశంలో బయటికొచ్చి మళ్లీ సామాను అప్పగించాలి, దానికి ఆ దేశం వీసా కూడా అడగొచ్చు.

కుడుకలు వద్దు!

ఆడబిడ్డ పెళ్లంటే ఒడిబియ్యం లేకుండా ఎలా? బియ్యం, పసుపు, ఖర్జూరాలతోపాటు కుడుకలూ సర్దేస్తాం. అక్కడే ఆపుతారు. ఎండుకొబ్బరికి వేడెక్కి తనంతట తానే రాజుకునే గుణముందని విమానాల్లో ప్రమాదకర వస్తువుల్లో చేర్చారు. చేతిసంచిలో అయినా, పెద్దపెట్టెలో అయినా కుదరదు. గసగసాలు ఇంకా ప్రమాదం. యూఏఈ, సింగపూర్‌లలో అవి మాదకద్రవ్యం కింద లెక్క. మసాలా పొట్లంలో చిటికెడున్నా జైలుదాకా వెళ్లొచ్చు. ఐరోపాకు పాలతో చేసినవేవీ పట్టుకెళ్లకూడదు, కోవాబిళ్లలకు సెలవు. ఊరగాయలు పెద్దపెట్టెలోనే, గట్టిగా మూతలు బిగించి. జొన్నరొట్టెలకు దారిలో పేచీ లేదు, దిగేముందు తినేయడమే మేలు.

బీపీ, షుగరు మాత్రలు డాక్టరు చీటీతో సహా చేతిసంచిలోనే ఉండాలి. ముహూర్తం చీర కూడా అంతే. పెద్దపెట్టె దారితప్పితే మండపానికి ప్రయాణపు బట్టల్లో వెళ్లాల్సి వస్తుంది. చీర గురించి ఇంకో మాట. బాలీ ఉక్కపోతలో నిండుపట్టు ఒంటికి అంటుకుపోతుంది. నూలు ఒళ్లు, పట్టు అంచూ కొంగూ ఉన్న మన గద్వాల చీర అక్కడ హాయి. సంచిలో బరువూ తక్కువే!

నగలు పెట్టుకునేవారు బయల్దేరేటప్పుడే శంషాబాద్‌లో కస్టమ్స్ వాళ్లకు చూపించి ఎగుమతి సర్టిఫికెట్ తీసుకోవాలి. లేదంటే తిరిగొచ్చేటప్పుడు అమ్మమ్మనాటి కాసులపేరుకే సుంకం కట్టమనొచ్చు. చదివింపుల నోట్లు అక్కడిదాకా మోయడం దండగ. మనదేశం నుంచి 25 వేలకు మించి రూపాయలు పట్టుకెళ్లనివ్వరు కూడా. ఇక్కడే ఇచ్చేయండి.

ఇంత చేసినా వెళ్లలేనివాళ్లుంటారు. ముహూర్తం ఏ దేశం గడియారంలో రాశారో పెళ్లివారిని ముందే అడగండి. బాలీ మనకంటే రెండున్నర గంటలు ముందు. అక్కడ తొమ్మిదింటికి తాళి కడితే మల్దకల్‌లో ఉదయం ఆరున్నర. అక్షింతలు చేతబట్టుకుని ఆరింటికల్లా ఫోను ముందు కూర్చోవాలి!