అరుగుకి ఇంగ్లీషేంది?

వేసవి సెలవుల్లో గోస్పాడుకి పోయినప్పుడు ఒక పని ఒప్పుకున్నా. మా సీనియర్ అన్న ఒకాయన టూరిస్టుల కోసం వెబ్‌సైట్ చేస్తున్నాడు. మా నంద్యాల వైపు గుళ్ళు, ఊర్ల గురించి ఇంగ్లీషులో రాసివ్వాలి. మన ఊరు, మన మాటలు, రెండు రోజుల పని అనుకున్నా.

మొదటి దెబ్బ మహానంది దగ్గరే తగిలింది. వాకిట్లో గాలిగోపురం. లోపల గర్భగుడి మీద శిఖరం, చాళుక్యుల నాటి నాగర పద్ధతిలో, పైకి పోయేకొద్దీ వంపు తిరిగి ఉంటుంది. రెండూ వేరే వేరే. నేను రెండిటికీ టవర్ అనే రాశా. కోనేటికి ట్యాంక్ అని రాశా. అడుగున పడిన రూపాయి బిళ్ళ కూడా కనిపించే నీళ్ళు, బయటికి పారి పొలాలు తడిపే నీళ్ళు, నా పేజీలో మేడ మీది ప్లాస్టిక్ ట్యాంకులోకి ఎక్కేశాయి!

ఊర్లోని ఇండ్ల దగ్గర ఇంకా కష్టం. మిద్దె అంటే కోస్తా రూమ్మేట్‌కి పై అంతస్తు. మాకు అది దూలాలు, దంతెల మీద చౌడుమన్ను పోసిన చదును కప్పు. టెర్రస్ హౌస్ అందామంటే, బ్రిటన్‌లో ఆ మాటకి వరసగా అతికించి కట్టిన ఇండ్లని అర్థమట.

ఇక అరుగు. ప్లాట్‌ఫాం అని రాసి పంపిస్తే అన్న ఫోన్ చేసి, "ఏ రైలు ఆగుతుంది తమ్ముడూ?" అని నవ్వాడు.

ఉడుక్కుని వెతికా. మద్రాసు దొరల ఇంగ్లీషులో అరుగుకి పయాల్ అనే మాట ఉండేది, పోర్చుగీసు నుంచి వచ్చింది. అరుగు మీద నడిచే వీధిబడిని పయాల్ స్కూల్ అనేవాళ్ళు. ఇప్పుడు ఆ మాట ఎవరికీ తెలీదు. ఇంకోటి దొరికింది: స్టూప్. న్యూయార్క్‌లో ఇంటి ముందు మెట్లు, జనం కూర్చుని మాట్లాడుకునే చోటు. అది డచ్ మాట. 1664లో ఊరు ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయింది, న్యూ ఆమ్‌స్టర్‌డామ్ కాస్తా న్యూయార్క్ అయింది. ఆ మాట మాత్రం పోలేదు. మెట్లున్నాయి, వాటి మీద కూర్చునేవాళ్ళున్నారు, అందుకే మాటా ఉంది అనిపించింది.

అవ్వని అడిగా. "అవ్వా, అరుగంటే ఏంది?"

"ఏందేంది నాయనా? కూసునేది. మీ తాత తెల్లారకముందే ఆడ కూసునేటోడు. దారిన పోయేటోళ్ళు రాత్రిపూట ఆడే పండుకునేటోళ్ళు. ఎవురని అడిగేది లేదు, చెంబుతో నీళ్ళిచ్చేది. నువ్వు నిలబడ నేర్సింది దాన్ని పట్టుకునే."

అవ్వ చెప్పింది చెప్పినట్టు ఇంగ్లీషులో పెట్టా. పేరు మాత్రం మార్చలేదు. అరుగు అనే ఉంచి, కింద రెండు వాక్యాలు రాశా. గాలిగోపురం, కోనేరు, మిద్దె కూడా అట్లనే దిద్దా.

"సూపర్ తమ్ముడూ, ఇప్పుడు అరుగు ఫోటో ఒకటి పంపు" అన్నాడు అన్న.

బయటికి వచ్చి నిలబడ్డా. మా ఇంటి ముందు అరుగు లేదు. ఇంటర్‌లో ఉండగా బైకు ఎక్కడానికి ర్యాంపు కావాలని పట్టుబట్టి కొట్టించింది నేనే. ఆ రోజు అవ్వ ఏమీ అనలేదు.

పక్కింటి వాళ్ళ అరుగు ఫోటో తీసి పంపించా.