పాత జీపు బాగు చేయిస్తాంటే ఇన్సూరెన్స్ ఎప్పుడు కట్టాల?

ఈ పొద్దు శనగ గురించి కాదు, బోరు గురించీ కాదు. పాత బండ్ల గురించి రాస్తాండా. మన కర్నూలు, కడప పక్క ఇప్పుడు చాలామంది తాతల కాలం జీపులు, అంబాసిడర్లు కొట్టాల్లోంచి బయటికి లాగి బాగు చేయిస్తాండారు. కలిసినోళ్లంతా అడిగేది ఒకటే, సామాన్లు యాడ దొరుకుతాయని. ఇన్సూరెన్స్ సంగతి ఎత్తితే మాత్రం "బండి రోడ్డెక్కినాక చూద్దాంలేప్పా" అంటారు. ఆ మాట మీదనే నాకు పేచీ.

మాదీ ఒక జీపు. మహీంద్రా సి.జె. 3బి, 1978 రిజిస్ట్రేషన్. ముక్కు ఎత్తుగా ఉంటుంది చూడండి, అదే. విల్లీస్ వాళ్ల హరికేన్ ఇంజన్ పాతదానికంటే ఎత్తు, అందుకే బానెట్ కూడా ఎత్తాల్సి వచ్చింది. మా నాయన దీంట్లో శనక్కాయ మూటలు తోలినాడు, పెండ్లివాళ్లను తోలినాడు, నొప్పులొచ్చిన ఆడోళ్లను అర్ధరాత్రి నంద్యాల ఆసుపత్రికి చేర్చినాడు. పెట్రోలు ఖర్చు తట్టుకోలేక 1990ల్లో డీజిల్ ఇంజన్ వేయించినాడు. కొత్త ఇంజన్ నెంబరు ఆర్.సి.లో ఎక్కించుకున్నాడు కూడా. ఆయన పోయినాక ఆర్.సి. నా పేరుకు మార్పించుకున్నా. బండి మాత్రం పదకొండేండ్లు కొట్టంలోనే పడుంది.

ఆ పదకొండేండ్లు నేను ఇన్సూరెన్స్‌కు ఒక్క రూపాయి కట్టలేదు. కట్టే పనీ లేదు. మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి అనేది బహిరంగ ప్రదేశంలో వాడే బండికి. నాలుగు టైర్లూ నేలకు అతుక్కుపోయి, ఇంజన్ పట్టేసి, సీటు కింద కోళ్లు గుడ్లు పెట్టే జీపు ఎవర్ని గుద్దుతుంది? దాని విలువ తుక్కు ఇనుము విలువ. దానికి కట్టమని నేను ఎవరికీ చెప్పను.

లెక్క మారేది బండి మన కొట్టం దాటి మెకానిక్కు షెడ్డుకు పోయిన రోజు. అక్కడినుంచి రెండు జరుగుతాయి. ఒకటి, మన డబ్బు రోజురోజుకీ దాంట్లోకి పోతాంటుంది. రెండు, బండి మన కండ్లముందర ఉండదు. షెడ్డులో ఒక పక్క గ్యాస్ వెల్డింగ్, ఇంకో పక్క థిన్నర్ డబ్బాలు, మధ్యలో మన బండి ట్యాంకు మూత తీసి ఉంటుంది. నడిచే బండికంటే విప్పిన బండికే నిప్పు భయం ఎక్కువ అని నా అభిప్రాయం. దొంగతనమూ అంతే. తాళం వేసిన జీపును ఎత్తకపోవడం కష్టం గానీ, విప్పి గోడకు ఆనించిన డైనమో, రేడియేటర్ పోవడానికి ఎంతసేపు?

ఇంక నీళ్లు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు ఊళ్లోకి వచ్చినప్పుడు ఎన్ని బండ్లు మునిగినాయో చూసినోళ్లు మనలో శానామంది ఉన్నారు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట పక్క ఊర్లు కొట్టుకపోయినాయి. కరువు సీమ అని మనం నీళ్ల భయం లెక్కలో వేసుకోం. అట్లా జరిగితే మెకానిక్కును అడుగుదామంటే, 1872 నాటి కాంట్రాక్టు చట్టం అడ్డం నిలబడుతుంది. మన వస్తువు ఇంకొకరికి అప్పగిస్తే, వాడు తన సొంత వస్తువును మామూలు మనిషి ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత చూసుకుంటే చాలు. అంత చూసుకున్నాక కూడా వరదొచ్చి పోతే అది వాని బాధ్యత కాదు.

కాబట్టి షెడ్డుకు పోయే ముందే నేను ఇన్సూరెన్స్ ఆఫీసుకు పోయినా. మొదటి ఆఫీసులో నవ్వినారు. "నడవని బండికి ఇన్సూరెన్స్ ఏంది రెడ్డీ, పదిహేనేండ్లు దాటిన బండికి థర్డ్ పార్టీ తప్ప ఇయ్యం" అన్నారు. చాలా కంపెనీలది ఇదే మాట. అయితే మన దేశం మోటారు టారిఫ్ పుస్తకంలో, వాడకంలో లేకుండా గ్యారేజీలో పెట్టిన బండికి నిప్పు, దొంగతనం వరకే పాలసీ రాసే పద్ధతి ఒకటి ఉంది. ఏజెంట్లకు దాంట్లో కమిషన్ పెద్దగా రాదు, అందుకే ఎవరూ నోరెత్తరని నాకు అనుమానం. రెండో ఆఫీసులో పెద్దాయన ఒకాయన ఆ సంగతి తెలిసినాయన. మనిషిని పంపి బండి చూపించుకుని, ఫోటోలు తీయించి రాసినాడు. మీరు పోతే "గ్యారేజీలో ఉన్న బండికి ఫైర్, తెఫ్ట్" అని ఆ మాటే అడగండి. వరద దాంట్లోకి వస్తాదా రాదా అనేది విడిగా అడిగి, కాగితం మీద చూసుకోండి. ఇంజన్ బోరింగుకు వేరే ఊరు పోతాంటే ఆ అడ్రసు కూడా చెప్పండి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, అసలు ఈ పోస్టు రాసింది దానికే. బండికి ఎంత విలువ రాయాలనేది. ఐదేండ్లలోపు బండికైతే పట్టిక ఉంది, నాలుగేండ్లు దాటితే సగానికి సగం కోస్తారు. ఐదేండ్లు దాటిన బండికి కంపెనీ, మనం మాట్లాడుకుని ఒప్పుకున్నదే విలువ. ఆ విలువ పాలసీ మొదలైన రోజు రాస్తారు, ఏడాదంతా అదే. మధ్యలో మనం లక్ష పెట్టి ఇంజన్ బాగు చేయించినా కాగితం మీద పెరగదు. తుక్కు మాదిరి ఉన్నప్పుడు ఎనభై వేలకు రాయించుకుంటే, పది నెలలకు రెండున్నర లక్షల బండి కాలినా చేతికొచ్చేది ఆ ఎనభై వేలే.

నేను ఆలోచించింది ఇట్లా. మొదటి నాలుగైదు నెలలు ఛాసిస్, బాడీ రేకు పని. డబ్బు తక్కువ పోతాది, పోయినా ఇనుమే. ఆ కాలానికి చిన్న విలువతో నిప్పు, దొంగతనం పాలసీ చాలు. ఇంజన్, గేరుబాక్సు తిరిగొచ్చి ఎక్కించే ముందర, పెయింటుకు పోకముందే, బిల్లులు పట్టుకుని ఆఫీసుకు పోయి, పాత పాలసీ రద్దు చేసి కొత్త విలువతో రాయించుకోవాల. రద్దుకు కొంత డబ్బు పోతాది. పోనీ. పంట బీమాకు గడువు దాటితే ఏమైతాదో మనకు చెప్పాల్సిన పని లేదు గదా, వాన ఎగరగొట్టినాక ఎవడూ ప్రీమియం తీసుకోడు.

బిల్లులంటే, తుక్కు అంగట్లో కొన్నదానికి బిల్లు ఎవరిస్తారు అంటారేమో. నిజమే, ఇయ్యరు. నేను నగదు మానేసి అన్నీ ఫోన్‌లోనే కొట్టినా. ఏ రోజు ఏ సామాను ఎంతకు అని నోటుబుక్కులో రాసి, సామాను ఫోటో తేదీతో పెట్టుకున్నా. రెండో ఆఫీసాయన ఆ నోటుబుక్కునే ముందర పెట్టుకుని విలువ మాట్లాడినాడు.

ఇంక అన్నిటికంటే పెద్దది ట్రయల్. ఇంజన్ స్టార్టయిన రోజు మెకానిక్కు ఆగలేడు, మనమూ ఆగలేం. "ఒక్క రౌండు, ఆ మర్రిచెట్టు దాకా" అంటారు. మర్రిచెట్టు దాకా పోయే దారి ఊరి దారే. జనం నడిచే హక్కున్న ఏ దారైనా చట్టం లెక్కలో బహిరంగ ప్రదేశమే. బ్రేకులు కొత్తగా బిగించినవి, స్టీరింగు ఎట్లుందో తెలీదు, బడి వదిలే టయిము. పట్టుబడితే జరిమానా మొదటిసారి రెండు వేలు, లేదా మూడు నెలల జైలు, రెండూ కూడా వేయొచ్చు. అది చిన్న సంగతి. ఎవరికన్నా తగిలితే పరిహారం లక్షల్లో ఉంటుంది, నడిపింది మెకానిక్కయినా ఆర్.సి.లో ఎవరి పేరుందో వాళ్ల మీదకి వస్తాది. కట్టలేకపోతే 174వ సెక్షన్ కింద ట్రిబ్యునల్ కలెక్టరుకు సర్టిఫికెట్ పంపుతుంది. వసూలు భూమి శిస్తు బకాయి వసూలు చేసినట్టే. ఈ వరుస ఇంకోసారి చదవండి. జీపు ముచ్చట మన చేని దాకా వస్తాదన్నమాట. ఇన్సూరెన్స్ లేని బండి ఒకరిని గుద్దితే ఆ బండిని మనకు వదలకుండా, మూడు నెలల తర్వాత వేలం వేసి ఆ డబ్బు ట్రిబ్యునల్లో జమ చేసే రూలు కూడా ఉంది. అంత కష్టపడి బాగు చేసిందీ పోతాది.

థర్డ్ పార్టీ రేటు 2022 జూన్‌లో వచ్చిన లెక్క ప్రకారం 1500 సీసీ దాటిన సొంత బండికి 7,897 రూపాయలు, జీఎస్టీతో కలిపి 9,300 పైన. రెండు బస్తాల శనగ అమ్మితే వచ్చేంత. ఇది కట్టకుండా తాళం చెవి ఎవరి చేతికీ ఇయ్యొద్దు, ముఖ్యంగా బామ్మర్దులకు.

ఆర్.సి. కూడా చూసుకోండి. పదిహేనేండ్లు దాటినాక ఐదేండ్లకొకసారి రెన్యువల్ చేయించాల. మాది ఎప్పుడో అయిపోయింది. రిజిస్ట్రేషన్ సరిగా లేకపోతే పాలసీ ఉన్నా చెయ్యిచ్చే కేసులున్నాయి. 2021 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఒక బొలెరో కేసు తేల్చింది. కొత్త బండి, తాత్కాలిక రిజిస్ట్రేషన్ గడువు ముగిసినాక జోధ్‌పూర్‌లో దొంగలు ఎత్తకపోయినారు, పాలసీ ఉన్నా క్లెయిము ఇయ్యనక్కర్లేదన్నారు. అందుకే ఫిట్‌నెస్ చూపించడానికి మా జీపును లారీ మీదనే తీసకపోతా, నడిపించి కాదు.

కొంతమంది "యాభై ఏండ్లు దాటితే వింటేజ్ నెంబరు తీసుకో, థర్డ్ పార్టీ సగమే" అంటాండారు. సగమే, నిజమే. 2021 జులైలో ఆ రూల్స్ వచ్చినాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000, పదేండ్లకు చెల్లుతుంది, నెంబరులో వి.ఏ. అని వస్తాది. మాది 2028లో యాభై దాటుతుంది. కానీ ఇంజన్ మార్చిన బండికి అది రాదు, బండి అసలు రూపంలో ఉండాల. పైగా వింటేజ్ బండిని ఎగ్జిబిషన్లకు, ర్యాలీలకు తప్ప రోజువారీ తిప్పకూడదు. జీపులో యూరియా మూట వేసుకోని పోకూడదంటే అది మా నాయన జీపు ఎట్లయితాది? నేను మామూలు రెన్యువల్‌కే పోతాండా.

ఇప్పటికి ఇంజన్ బోరింగు నుంచి వచ్చింది, కొత్త విలువతో పాలసీ రాసేది వచ్చే సోమవారం. పెయింటు ఆ తర్వాతనే. ఎవరి కాడన్నా సి.జె. 3బి అసలు గ్రిల్లు, కుడి పక్క ముందు ఫెండరు ఉంటే చెప్పండి. రేటు మాట్లాడుకుందాం, డబ్బు మాత్రం ఫోన్‌లోనే కొడతా.