అనుపులో పాము కరిచిన సాయంత్రం

నేను లాలాపేట్‌లోని ఒక హైస్కూల్లో సోషల్ టీచర్ని. డిసెంబర్‌లో తొమ్మిదో తరగతి పిల్లల్ని నాగార్జునకొండ, అనుపు చూపించడానికి తీసుకెళ్తాం. ఆ టూరు బాధ్యత నాది. కిందటిసారి అనుపులో నన్ను రక్తపింజర కాటేసింది. బతికాను. పిల్లల్ని వెంటేసుకుని తిరిగే టీచర్లకు గానీ, పొలానికి పోయేవాళ్ళకు గానీ ఇది ఎప్పుడైనా ఎదురుకావచ్చు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మొదటి రోజు, పొద్దున

తెల్లవారకముందే విజయ డెయిరీ దగ్గర బస్సెక్కాం. మా పిల్లల్లో చాలామంది తండ్రులు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులోనో, నాచారం ఫ్యాక్టరీల్లోనో పనిచేస్తారు. డ్యూటీకి పోయే ముందు పిల్లల్ని దింపడానికి వచ్చారు. ఒక తల్లి నా చెయ్యి పట్టుకుని, "మీ మీద భరోసాతోనే పంపిస్తున్నా టీచర్" అన్నది. హబ్సిగూడ, ఉప్పల్, ఎల్బీనగర్ దాటి సాగర్ రోడ్డెక్కాం.

లాంచీలో కొండకు వెళ్ళేటప్పుడు పిల్లలకు ఒక బడిపంతులు సంగతి చెప్తాను. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే ఆ ప్రాంతపు ఉపాధ్యాయుడు అక్కడ ఒక పాత స్తంభాన్ని చూసి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశాడు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి అలా వెలుగులోకి వచ్చింది. 1955లో సాగర్ డ్యామ్‌కు శంకుస్థాపన జరిగింది. లోయ మునిగేలోపు, 1954 నుంచి 1960 దాకా పెద్ద ఎత్తున తవ్వకాలు జరిపారు. కొన్ని కట్టడాలను కొండ మీదికి, కొన్నిటిని అనుపుకు తరలించి మళ్ళీ నిలబెట్టారు.

సాయంత్రం అనుపు చేరాం. అక్కడి రంగస్థలం దగ్గర చూపించడానికి గ్రీకుల ఎపిడారస్ నాటకశాల ఫొటో తీసుకెళ్ళాను. అది కొండవాలులో అర్ధచంద్రంలా ఉంటుంది. మనది దీర్ఘచతురస్రం, చుట్టూ మెట్లు. నాగార్జునకొండలో బోధిసిరి అనే బౌద్ధ ఉపాసిక వేయించిన శాసనంలో యవన (గ్రీకు) దేశం పేరుంది. అక్కడ రోమన్ బంగారు నాణేలు కూడా దొరికాయి. పిల్లలు కొందరు కింద నిలబడి చప్పట్లు కొడుతుంటే, మిగతావాళ్ళు పైమెట్ల మీద చెవులొగ్గి విన్నారు. సంతోషంగా ఉన్నారు. నేనూ సంతోషంగా ఉన్నాను.

సాయంత్రం

పొద్దు గూకుతోంది. పిల్లల్ని లెక్కపెట్టుకుంటూ బస్సు వైపు నడుస్తున్నాను. దారి పక్క గడ్డిలోంచి ఎడమ మడమ పైన చురుక్కుమంది. ముల్లు అనుకున్నాను. మరుక్షణమే నిప్పు పెట్టినట్టు మంట. నా వెనకున్న అమ్మాయి కేక వేసింది. లావుగా, గోధుమరంగులో, వీపు మీద గొలుసులా నల్లమచ్చలున్న పాము గడ్డిలోకి పోవడం తను చూసింది.

నాకు కాళ్ళు ఆడలేదు. కింద కూలబడ్డాను. ఎవరో చున్నీ తెచ్చి బిగించి కట్టబోయారు. ఆ అమ్మాయే వద్దంది. ఊళ్ళో వాళ్ళ తాతను పాము కరిచినప్పుడు డాక్టర్ చెప్పాడట, కట్టు కట్టొద్దని, కాలు కదపొద్దని. నా కాలు కదలకుండా రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. పట్టీ తీసేసింది. తర్వాత నా మొహంలోకి చూసి, "మెట్టె తియ్యనా టీచర్?" అని మెల్లగా అడిగింది. తియ్యమన్నాను. అప్పటికే వేలు ఉబ్బుతోంది. సబ్బునీళ్ళు పోసి, తిప్పుతూ తిప్పుతూ తీసింది.

ఆ పిల్లకు పద్నాలుగేళ్ళు. తన చెయ్యి పట్టుకుని నేను అడిగిన మాట, "నేను చచ్చిపోతానా?" అని. ఆ క్షణంలో నాకు పిల్లలెవరూ గుర్తులేరు. పొద్దున నన్ను నమ్మిన ఆ తల్లి కూడా గుర్తులేదు. నా ప్రాణం ఒక్కటే గుర్తుంది. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

అక్కడున్న ఒక పెద్దాయన, దగ్గర్లో పసరు మందు పోసేవాళ్ళున్నారు, ఐదు నిమిషాల్లో పోవచ్చు అన్నాడు. మేలు కోరే అన్నాడు. "పోదాం పదండి" అన్నాను. మూఢనమ్మకాల మీద ఏటా పాఠం చెప్పేది నేనే. మా పీటీ సారు ఒప్పుకోలేదు. "మేడమ్, ఆస్పత్రికే" అని 108కు ఫోన్ చేశారు. చూడ్డానికి వచ్చిన ఒక కుటుంబం తమ కారు వెనక సీటు ఖాళీ చేసి ఇచ్చింది. 108 దారిలో ఎదురొచ్చింది. తెలుగు టీచరు, డ్రైవరన్న కలిసి పిల్లలందరినీ బస్సెక్కించి, ఆ రాత్రే లాలాపేట్ చేర్చి, ఒక్కొక్కరినీ ఇంటివాళ్ళకు అప్పగించారు.

ఆ రాత్రి

ప్రభుత్వ ఆస్పత్రికి చేరేసరికి వాపు మోకాలి దాకా వచ్చింది. చిగుళ్ళ నుంచి రక్తం కారుతోంది. డాక్టర్ కొంచెం రక్తం తీసి గాజు గొట్టంలో పోసి, కదపకుండా పెట్టారు. ఇరవై నిమిషాలు ఆగాలి. మామూలు రక్తమైతే అప్పటికి గడ్డకట్టాలి. నా రక్తం నీళ్ళలా కారింది. గొట్టం వంచినప్పుడు నేనూ చూశాను.

సెలైన్‌లో పది వయల్స్ యాంటీవెనమ్ ఎక్కించారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ అదే మందు. పామును చంపి తేవాల్సిన పనిలేదని డాక్టర్ చెప్పారు. కాసేపటికి ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి, చలి మొదలైంది, ఊపిరి ఆడలేదు. మందు ఆపి, వేరే ఇంజెక్షన్ ఇచ్చి, కుదుటపడ్డాక మళ్ళీ మొదలుపెట్టారు. అది మందు వల్ల కొందరికి వచ్చే రియాక్షన్ అట. నాకప్పుడు అదేమీ తెలియదు. అయిపోయిందనే అనుకున్నాను.

ఆరు గంటల తర్వాత చేసిన పరీక్షలో కూడా రక్తం గడ్డకట్టలేదు. మరో డోసు ఇచ్చారు. తెల్లవారాక డాక్టర్ గొట్టం వంచి చూపించారు. రక్తం జారలేదు.

రెండో రోజు

మా ఆయన, మా అన్నయ్య వచ్చారు. వాపు తొడ దాకా పాకింది. మూత్రం బాగా తగ్గి, రంగు మారింది. రక్తపింజర విషం కిడ్నీలను దెబ్బతీయగలదని, డయాలసిస్ ఉన్న పెద్దాసుపత్రికి పంపడం మంచిదని డాక్టర్ అన్నారు. అంబులెన్స్‌లో పీటీ సారు నా పక్కనే కూర్చున్నారు. అప్పటికి ఆయన నిద్రపోయి ఒక రాత్రి, ఒక పగలు దాటింది.

పెద్దాసుపత్రిలో మంచం దిగనివ్వలేదు. బెడ్‌పాన్ పెట్టాలన్నా, బట్టలు మార్చాలన్నా ఆయా రావాలి. క్లాసులో నలభై మందిని ఒక్క చూపుతో కూర్చోబెట్టేదాన్ని, ప్రతిదానికీ ఆమె కోసం ఎదురుచూశాను. ఆమె ఒక్కసారి కూడా విసుక్కోలేదు. "పర్లేదు లేమ్మా, ఇందులో ఏముంది" అనేది.

మూడో రోజు, ఆ తర్వాత

మూడో రోజు మూత్రం మామూలుగా రావడం మొదలైంది. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ నిలకడగా ఉంది. డయాలసిస్ అవసరం పడలేదు. ఆ మాట విని ఏడ్చాను. అప్పటిదాకా ఏడవలేదు.

ఇంటికొచ్చాక కూడా చాలా రోజులు కాలు కింద పెట్టలేకపోయాను. రాత్రిపూట బాత్రూమ్‌కు పోవాలంటే మా ఆయన్ని లేపేదాన్ని. ఇప్పటికీ చీకట్లో చెప్పులు వేసుకునే ముందు దులుపుతాను. మంచం కింద లైటు వేసి చూస్తాను.

నన్ను బతికించినవాళ్ళు వీళ్ళు: కాలు కదలనివ్వని ఆ అమ్మాయి, నా మాట వినని పీటీ సారు, పేరు కూడా చెప్పకుండా వెళ్ళిపోయిన కారువాళ్ళు, 108 సిబ్బంది, రాత్రంతా మేల్కొన్న డాక్టర్, సిస్టర్లు, ఆ ఆయా. పిల్లల్ని క్షేమంగా ఇంటికి చేర్చిన తెలుగు టీచరుకూ డ్రైవరన్నకూ నేను వేరుగా రుణపడి ఉన్నాను.

తర్వాత చదివి తెలుసుకున్నాను. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. ఏడాదికి సగటున 58 వేల మంది. అందులో చాలామంది ఆస్పత్రి దాకా రాలేదు. ఆ సాయంత్రం నా మాటే చెల్లితే నేనూ రాకపోదును.

ఈ డిసెంబర్‌లో మళ్ళీ వెళ్తున్నాం. భయం ఉంది. అయినా ఆ రంగస్థలం పిల్లలు చూడాలి. ఈసారి అనుపును మధ్యాహ్నమే చూసి, వెలుతురు ఉండగానే బస్సెక్కుతాం. అందరికీ బూట్లు ఉండాలి. దారిలో యాంటీవెనమ్ ఉన్న ఆస్పత్రులకు ముందే ఫోన్ చేసి కనుక్కుంటున్నాను. ఆ నంబర్లు ప్రతి టీచరు దగ్గరా, డ్రైవరు దగ్గరా, క్లాస్ లీడర్ల దగ్గరా ఉంటాయి.

మీకు ఇలా జరిగితే గాటు పెట్టొద్దు, కట్టు బిగించొద్దు, నోటితో పీల్చొద్దు. ఉంగరాలు, పట్టీలు, మెట్టెలు తీసేయండి. కరిచిన కాలో చెయ్యో కదపకుండా, సమయం పోగొట్టకుండా ఆస్పత్రికి పొండి. అప్పుడు మీకు ఇవేవీ గుర్తుండకపోవచ్చు. నాకు గుర్తులేవు. అందుకని ఏ ఆస్పత్రికి పోవాలో బయలుదేరే ముందే అనుకోండి. అది మీ పక్కవాళ్ళకూ చెప్పి ఉంచండి.