పొన్నగంటికి ఒక టబ్బు

నారాయణఖేడ్
ఆషాఢ మాసం



మిరుగం వెళ్లింది, ఆరుద్ర నడుస్తోంది. మన నల్లరేగడిలో పత్తి, కంది, పెసర మొలకలు లేచాయి. ఏ కొమ్మ గుచ్చినా బతికే రోజులివి. అందుకే ఈసారి ఉత్తరమంతా ఒక్క మొక్కకే ఇస్తున్నాను. అది పొన్నగంటి.

ఖేడ్ లాంటి మెట్ట ప్రాంతంలో ఉండి తడినేల మొక్క గురించి రాయడమేమిటని అనుకోవచ్చు. మంజీరా మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి, బీదర్ మీదుగా మన జిల్లాలోకి దిగి, సింగూరు నింపి, చుట్టు తిరిగి నిజాంసాగర్‌కు పోతుంది. అంత దగ్గర్నుంచి నది పోతున్నా మన చేలు ఎక్కువగా వానను నమ్ముకున్నవే. సంగమేశ్వర, బసవేశ్వర ఎత్తిపోతల పథకాలకు 2022 ఫిబ్రవరిలో మన ఊళ్లోనే శంకుస్థాపన జరిగింది కూడా ఆ సాగునీటి కొరత వల్లే. అయినా పొన్నగంటికి నది అక్కర్లేదు. నాలుగు రోజులు తడి నిలిచే జాగా ఉంటే చాలు. చెరువు శిఖంలో, మత్తడి కింద, నల్లవాగు కాలువల వెంబడి, వరి మడి ఒడ్డున, ఆఖరికి బోరు పైపు కారే చోట కూడా నేలను పట్టుకుని పాకుతుంది. నీళ్లు పెరిగితే కాడలు సాగదీసి పైకి తేలుతుంది, తగ్గితే ప్రతి కణుపు దగ్గరా వేరు దించి బురదను అంటుకుంటుంది. ఎండాకాలంలో నేల నెర్రెలిస్తే సన్నని కాడలుగా కుంచించుకుపోయి, తొలకరికి మళ్లీ చిగురిస్తుంది.

ఇది తోటకూర కుటుంబానికి చెందినది. శాస్త్రీయ నామం ఆల్టర్నాంథెరా సెసైలిస్. ఆకులు ఎదురెదురుగా, కోలగా, నున్నగా ఉంటాయి. కాడ ఒక్కోసారి ఎరుపు తిరుగుతుంది. ఆకు మొదట్లో, కాడను అంటిపెట్టుకుని చిన్న తెల్లటి పూల గుత్తులు వస్తాయి. ఈ పూల సంగతి మాత్రం గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాను.

విత్తకుండానే పండే ఆకుకూరల విలువ మన జిల్లా ఆడవాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని నా నమ్మకం. పక్కనే జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు చేలల్లో తమంత తాము మొలిచే కూరలను కలుపని పీకిపారేయకుండా తిండిగా లెక్కపెట్టారు, వాటి గురించి సభల్లో మాట్లాడారు. 2019లో ఆ సంస్థకు ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ పురస్కారం వచ్చింది. ఎకరాల లెక్కలో, క్వింటాళ్ల లెక్కలో ఎక్కడా కనిపించని ఈ కూరలే పనుల్లేని రోజుల్లో ఎన్నో ఇళ్లలో జొన్నరొట్టె పక్కన నిలిచాయి.

మరి ఒడ్డున ఉచితంగా దొరికేదాన్ని ఇంట్లో పెంచుకోమని ఎందుకు అడుగుతున్నాను? ఒడ్డు మారిపోయింది కాబట్టి. కూలీలు దొరక్క, దొరికినా ఖర్చు భరించలేక గట్ల మీద గడ్డి మందు కొడుతున్నారు. గ్లైఫోసేట్ అనే గడ్డి మందును పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇతరులు వాడకూడదని కేంద్రం 2022 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది. ఉత్తర్వు ఒకవైపు ఉన్నా, మందు పడిన ఒడ్డు మొదటి రెండు మూడు రోజులు పచ్చగానే కనిపిస్తుంది. ఆ ఆకు కోసుకున్నవాళ్లకు సంగతి తెలిసే దారి లేదు.

రెండోది నీళ్లు. తడినేల మొక్క తాను నిలబడిన నీటిలో ఏముంటే దాన్ని లోపలికి తీసుకుంటుంది. సీసం, కాడ్మియం లాంటి లోహాలైతే ఆకుల్లో, కాడల్లో చేరతాయి, ఎంత కడిగినా పోవు. మన జిల్లాకే రెండో కొసన ఉన్న పటాన్‌చెరును చూడండి. అక్కడి ఫ్యాక్టరీల నీళ్లు శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికి వస్తున్న నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రచురించారు. ఆ నీళ్లు ఖేడ్‌కు రావు. అయితే ఏ ఊరి మురుగైనా ఆ ఊరి కుంటలోకే చేరుతుంది. కుంట ఒడ్డున నవనవలాడే పొన్నగంటిని చూసి నీళ్లు మంచివని అనుకోవద్దు. మురుగు నీటిలో అది ఇంకా ఏపుగా పెరుగుతుంది.

ఇక పెంచే విధానం. లోతైన కుండీ కంటే వెడల్పైన పాత టబ్బు మేలు. జానెడు లోతు చాలు. అడుగున రంధ్రం పెట్టకండి. మట్టి పోశాక ఆ మట్టి మట్టానికి ఒక వేలు పైన, టబ్బు పక్క గోడకు ఒక రంధ్రం పెట్టండి. ఎంత వాన పడినా మిగిలిన నీళ్లు దానిలోంచి పోతాయి, బురద మాత్రం బురదగానే ఉంటుంది. మన రేగడి ఒక్కటే పోస్తే తడిసినప్పుడు జిగురుగా ముద్దవుతుంది, ఆరితే పగులుతుంది, ఆ పగుళ్లలో వేళ్లు తెగుతాయి. అందుకని రెండు పాళ్లు రేగడికి ఒక పాలు ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు కలపండి. పచ్చి పేడ వద్దు. నిలిచిన నీటిలో అది కుళ్లి వాసన కొడుతుంది, లేత వేళ్లను చంపుతుంది.

ముదురూ లేతా కాని కాడ తీసుకుని నాలుగు కణుపులుండేలా తుంచండి. కింది రెండు కణుపుల ఆకులు తీసేసి, ఆ రెండూ మట్టిలోకి పోయేలా ఏటవాలుగా గుచ్చండి. ముక్కకూ ముక్కకూ బెత్తెడు ఎడం ఇవ్వండి. ఈ వాతావరణంలో వారం తిరిగేసరికి వేరు పడుతుంది. కొత్త చిగురు కనిపించేదాకా నీడలో ఉంచి, ఆ తర్వాత పూటంతా ఎండ తగిలే చోటికి మార్చండి. నీడ ఎక్కువైతే కాడలు సాగి ఆకులు పలచబడతాయి. ఎండ ఎక్కువై తడి తక్కువైతే ఆకు చిన్నదై, ఎర్రబడి, చేదెక్కుతుంది.

నెలా నెలన్నరకు మొదటి కోత వస్తుంది. గిల్లడం కంటే కత్తెరతో కోయడం మంచిది, మట్టి మీద రెండు కణుపులు వదలండి, అక్కడి నుంచి రెండేసి కొమ్మలు లేస్తాయి. తెల్ల పూలు కనిపించాయంటే కోత ఆలస్యమైందని గుర్తు. పూతకు వచ్చిన కొమ్మ ఆకులను చిన్నవి చేసుకుంటుంది. కోసిన ప్రతిసారీ గుప్పెడు ఎరువు చల్లితే సరిపోతుంది. యూరియా వేయకండి. ఆకు ముదురు పచ్చగా ఉబ్బి చూడటానికి బాగుంటుంది కానీ రుచి పోతుంది, పేనుబంక కూడా పడుతుంది. ఆకులను గూడులా చుట్టుకునే పచ్చ పురుగు వానాకాలంలో వస్తుంది. టబ్బు చిన్నదే కాబట్టి చేత్తో ఏరేయొచ్చు.

దోమల సంగతి తేలిగ్గా తీసుకోకండి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి ఇంటి నీళ్లలోనే. మొక్క నాటుకున్నాక బురద మీద నీళ్లు తేలేలా ఉంచాల్సిన పని లేదు, వేలితో నొక్కితే తడి ఊరితే చాలు. వానకు నిలిచిన నీళ్లను వారానికి ఒకసారి టబ్బు వంచి ఒంపేసి, ఒక పూట ఆరనివ్వండి. ఆ పూట ఎండకు పొన్నగంటికి ఏమీ కాదు, దోమపిల్లలు చస్తాయి.

మన దగ్గర చలి కూడా గట్టిదే. రాష్ట్రంలో అతి తక్కువ ఉష్ణోగ్రతల వార్తల్లో మన జిల్లాలోని కోహీర్ పేరు ఏటా వినబడుతూనే ఉంటుంది. పుష్యమాసంలో పొన్నగంటి కదలకుండా కూర్చుంటుంది. అప్పుడు కోయకండి, ఎరువూ వేయకండి. ఏప్రిల్, మే నెలల్లో గోనెసంచి నీడ కట్టి, పొద్దునా సాయంత్రం నీళ్లు ఇవ్వండి. బియ్యం, పప్పు కడిగిన నీళ్లు దీనికి చక్కగా సరిపోతాయి. నల్లా నీళ్లయితే ఒక రాత్రి బిందెలో ఉంచి పోయండి. ఆర్‌ఓ మిషన్ వదిలే నీళ్లు మాత్రం పోయకండి. అందులో ఉప్పులు ఎక్కువ, అడుగున రంధ్రం లేని టబ్బులో అవి పేరుకుపోతాయి. ఏడాదికోసారి, ఇదే ఆరుద్రలో, పాత మొదళ్లు తీసేసి కొత్త ముక్కలు నాటుకోండి.

పూల దగ్గరికి వస్తానన్నాను. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఎలిగేటర్ వీడ్ అనే కలుపు మొక్క పొన్నగంటికి దగ్గరి చుట్టం. ఆకూ కాడా చూస్తే అచ్చం అలాగే ఉంటుంది. చెరువుల మీద చాపలా కమ్ముకుని కింద నీళ్లకు వెలుతురు అందకుండా చేస్తుంది, మన దేశంలోనూ చాలాచోట్ల పాకింది. కాడ బోలుగా ఉంటే అదేనని కొందరు చెబుతారు. నీళ్లలో పెరిగితే పొన్నగంటి కాడ కూడా బోలుగానే ఉంటుంది కాబట్టి ఆ గుర్తును నమ్మలేం. పువ్వు అబద్ధమాడదు. పొన్నగంటి పూలు తొడిమె లేకుండా కాడకే అతుక్కుని ఉంటాయి. ఎలిగేటర్ వీడ్ పువ్వు తెల్లటి కాగితపు బంతిలా పొడవాటి తొడిమె చివర నిలబడుతుంది.

ఈ తేడా తెలియక ఏమైందో ఆస్ట్రేలియా చూసింది. శ్రీలంక నుంచి వెళ్లినవాళ్లు తమ ముకునువెన్న, అంటే మన పొన్నగంటే, అనుకుని ఎలిగేటర్ వీడ్‌ను పెరళ్లలో పెంచి ఒకరికొకరు కొమ్మలు పంచుకున్నారు. 1990లలో అది బయటపడేసరికి విక్టోరియా రాష్ట్రంలోనే వందల పెరళ్లకు చేరింది. అక్కడి అధికారులు జరిమానాల మీద పడకుండా, ఆ దేశంలోనే పుట్టిన మరో చిన్న ఆల్టర్నాంథెరా రకాన్ని బదులుగా ఇచ్చి, పాతదాన్ని తీయించారు. ఒక కూర మీది మమకారాన్ని గౌరవించి పరిష్కారం వెతికిన తీరు నాకెంతో నచ్చింది.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లకు ఒక మాట. అక్కడ మన పొన్నగంటే ఫెడరల్ కలుపు మొక్కల నిషేధ జాబితాలో ఉంది. అనుమతి లేకుండా దాన్ని ఆ దేశంలోకి తీసుకెళ్లడం చట్టవిరుద్ధం. అమ్మా, నాన్నా, బ్యాగులో కొమ్మ పెట్టుకోకండి. ఇక్కడ కూడా కోత తర్వాత మిగిలిన కాడలను మోరీలో, కాలువలో పడేయకండి. ఎండలో పూర్తిగా ఎండబెట్టి ఎరువు కుప్పలో వేయండి.

వంట మీకు నేను చెప్పాల్సింది కాదు. పెసరపప్పుతో పొడికూరగా, ఎండుమిర్చి, వెల్లుల్లి దంచి వేస్తే జొన్నరొట్టెకు దీనికి మించిన జోడీ లేదు. కంటికి మంచిదని పెద్దలు అనే మాటలో నిజం ఉంది. విటమిన్ ఎ తయారీకి కావలసిన కెరోటిన్ ఇలాంటి ఆకుకూరల్లో ఉంటుంది, కొంచెం నూనెతో వండితేనే అది ఒంటికి బాగా పడుతుంది. కానీ శుక్లాలు కూరతో కరగవు, అందుకు కంటి డాక్టరు దగ్గరికే వెళ్లాలి. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు తోటకూర జాతి ఆకుల్లో ఆక్సలేట్లు ఉంటాయని గుర్తుపెట్టుకుని మితంగా తినాలి.

ఈ నెలలోనే ఒక టబ్బు పెట్టండి. కొమ్మను అంగట్లో ఆకుకూరలమ్మే అవ్వను అడిగినా ఇస్తుంది, పక్కింటి పెరట్లో ఉన్నా తెచ్చుకోండి. ఎక్కడ తెచ్చినా అది నిలిచిన నీళ్లేవో ముందు అడగండి, పువ్వుకు తొడిమె ఉందో లేదో చూడండి. తొడిమె ఉంటే ఇంటికి తేవద్దు.

ఉంటాను,
మీ నారాయణఖేడ్ మిత్రుడు