ఏంజెల్ ద్వీపపు గోడలు

అమెరికా దేశపు పడమటి తీరమున సాన్‌ఫ్రాన్సిస్కో నగరము కలదు. ఆ నగరము నానుకొనిన అఖాతములో ఏంజెల్ ద్వీపమను చిన్న దీవి యున్నది. మొన్నటి వేసవిలో మా మఱిదిగారి యింట నుండగా మేమందఱము ఓడనెక్కి దానిని చూడబోయితిమి. చుట్టును నీలిజలము, నడుమ కొండ, కనులకు వేడుకయే. కాని యచట నొకమూల నున్న కొయ్యకట్టడమును చూచిన వెనుక ఆ వేడుక నిలువలేదు.

1910 మొదలు 1940 వఱకు సముద్రము దాటివచ్చిన చీనావారిని, మఱికొందఱు ఆసియావారిని, మన దేశీయులను సైతము ఇచట నిలిపి ప్రశ్నించెడివారు. కొందఱు వారములు, కొందఱు నెలలు వేచియుండిరి. ఆడువారిని మగవారిని వేఱుగా నుంచుటచే భార్యాభర్తలకు సైతము ఎడబాటు కలిగెను. మగవారు గోడలపై చీనాభాషలో చెక్కిన పద్యములు నేటికిని గలవు. ఆడువారుండిన కట్టడము 1940లో కాలిపోయినది. వారు వ్రాసిన దేదైన నున్నచో అదియు దానితోడనే పోయినది.

రోగభయముచే నిట్లు చేసిరేమో యని మీరనుకొనవచ్చును. చీనా కూలివారు రాగూడదను చట్టము 1882లో పుట్టి 1943 వఱకు నిలిచినది. ఆ నగరమున ప్లేగు కనబడినది 1900లో. అప్పుడు చీనావారి పేటను త్రాళ్లతో చుట్టి, అంచున నున్న తెల్లజాతివారి దుకాణములను మాత్రము విడిచిరి. న్యాయస్థానము ఆ యేటనే యా కట్టడిని కొట్టివేసినది. 1907లో ప్లేగు మరల వచ్చి తెల్లజాతివారినే యెక్కువగా బట్టినది. ఆ మాఱు ఎలుకలను వేటాడిరి గాని వారి వీథులకు త్రాళ్లు కట్టలేదు.

2020లో కరోనా ప్రబలగా ఆ పాత యనుమానమే తలయెత్తినది. ఆసియావారిలో వృద్ధులను సైతము వీథులలో త్రోసి కొట్టిరి. 2021లో ఇట్టి నేరములకై అమెరికాలో ప్రత్యేకముగా నొక చట్టము చేయవలసి వచ్చెను. 2023లో ఆ వ్యాధి యత్యవసరస్థితి ముగిసినదని ప్రపంచారోగ్యసంస్థ ప్రకటించినను అనుమానము పోలేదు. పోవుటెట్లు? కరోనాకు మునుపే, 2017లో, కాన్సాస్ రాష్ట్రమున మన తెలుగు ఇంజనీరు నొకనిని, నా దేశమునుండి పొమ్మని యఱచి యొకడు కాల్చి చంపెను. అతనిని ఇరాను దేశీయుడని తలచెనట! రోగము సాకు, ముఖము చూచి మనిషిని వెలివేయు బుద్ధియే మూలము.

ఆ బుద్ధి పరదేశమునకే పరిమితము గాదు. 2020లో మన నగరములలోను ఈశాన్యరాష్ట్రముల బిడ్డలను ముఖరూపము చూచి "కరోనా" యని పిలిచిరి. సముద్రము దాటిన మన పిల్లలకై దినదినము దేవునికి మ్రొక్కు తల్లులము, మన వీథికి చదువుకొనవచ్చిన పరాయి పిల్లలకును తల్లులున్నారని మఱవరాదు.