పచ్చని పరదా

జనగామలో మా ఇంటికి ప్రహరీగోడ లేదు. వీధికీ వాకిలికీ నడుమ నిలిచినది గోరింట కంచె ఒక్కటే. అమ్మీ దానిని మెహందీ అనేది. ఇరుగుపొరుగువారు గోరింట అనేవారు. పేర్లు రెండైనా పండే ఎరుపు ఒక్కటే. ఆ కంచె చాటుననే అమ్మీ బియ్యం ఏరుకొనేది, తల ఆరబెట్టుకొనేది, సాయంకాలపు గాలికి కూర్చుండేది.

గోరింట మా ఎర్ర చెల్క నేలకు తగిన మొక్క. వేళ్ళూనుకొన్న పిదప ఎండకు వెరవదు. తొలకరి పడగానే ముదురు కొమ్మలను దగ్గర దగ్గరగా రెండు వరుసలలో నాటితే చాలు. 1753లో లిన్నేయస్ దీనికి లాసోనియా ఇనర్మిస్ అని పేరు పెట్టాడు. ఇనర్మిస్ అనగా ముళ్ళు లేనిది. ముదిరిన కొమ్మలకు ముళ్ళుంటాయని మాత్రం నా చేతులకు బాగా తెలుసు.

ఇంటర్మీడియట్ చదివే రోజులలో కంచె పని నా పాలబడింది. సొగసు కోసమని పైభాగాన్ని వెడల్పుగా, అడుగును సన్నగా కత్తిరించాను. పైనీడ పడి, ఏడాది తిరిగేసరికి అడుగున ఆకు రాలి మోళ్ళు మిగిలాయి. బాటసారులకు మా వాకిలి కనబడసాగింది. అమ్మీ నన్నొక్క మాట అనలేదు. వాకిట్లో కూర్చోవడం మానుకొన్నది. ఆ మౌనం నన్ను తిట్టుకన్న ఎక్కువగా బాధించింది.

అంతలో ఆషాఢం వచ్చింది. పొరుగు ఆడపిల్లలు ఏటివలెనే గోరింటాకు కోయవచ్చారు. ఉన్న కాస్త మరుగునూ దోచుకొంటున్నారని కసిరి పంపాను. అది విన్న అమ్మీ, అన్నాళ్ళ తరువాత వాకిట్లోకి వచ్చి, "కోసిన కొమ్మే చిగురిస్తుంది బేటా, వెళ్ళి పిలుచుకొని రా" అన్నది. తలవంచుకొని వెళ్ళి పిలిచాను.

ఆనాడే కంచెను మోకాలెత్తుకు నరికాను. ఆ ఆకంతా ఆ పిల్లల ఒడులు నింపింది. కంచె పెరిగే వరకు పాత చీరలు అడ్డం కట్టాము. ఈసారి అడుగు వెడల్పుగా, పైభాగం సన్నగా ఉంచి, కింది ఆకుకూ ఎండ తగిలేటట్లు కత్తిరించాను. రెండు వానకాలాలకు కంచె నేలనంటి అల్లుకొన్నది. పట్టణపు తోటలలో పెంచే మోర్‌పంఖి అయితే ముదురు కొమ్మ దాకా నరికిన పిదప తిరిగి చిగురించడం అరుదు. గోరింట మన తప్పును క్షమిస్తుంది.

విద్యార్థి మిత్రులారా! మరుగు వేరు, వెలి వేరు. మా అమ్మీ కోరినది మరుగు. నేను కట్టబోయినది వెలి. నేటికీ తొలకరికి కత్తెర పట్టినపుడు ఆ మాటే నా చేతిని నడుపుతుంది.