పేరులేని చెట్టు

మా ఇంట్లో టాబ్లెట్లు రెండు రకాలు. ఒకటి పొద్దున్నే కాఫీ తాగాక నేను మింగేది. రెండోది మా అమ్మాయి ఒళ్ళో పెట్టుకుని అర్ధరాత్రి దాకా బొమ్మలు గీసేది. మొదటిది రక్తపోటు తగ్గించడానికీ, రెండోది పెంచడానికీనట. ఈ మాట నాది కాదు, మా ఆవిడది.

పిల్ల విజయవాడలో ఆర్కిటెక్చరు చదువుతోంది. ఆ టాబ్లెట్టు మన చిన్ననాటి పలకంత ఉంటుంది. దానిమీద బలపంలాంటి పెన్నుతో ఇల్లు గీస్తుంది. ఆ ఇల్లు కాగితంమీద బొమ్మలాగ ఊరుకోదు. వేలితో తోస్తే గిర్రున తిరిగి పెరటి గుమ్మం కూడా చూపిస్తుంది. దాన్ని మోడలంటారు. వెనక అట్టముక్కలూ జిగురూ పెట్టి చేసేవారు. ఇప్పుడు ఇల్లా వేలితో తిప్పుతున్నారు.

సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు మా అన్నయ్య దానికో పని పురమాయించాడు. పామర్రులో మా నాన్నగారు కట్టిన పెంకుటిల్లు పడగొట్టి మేడ కట్టాలని రెండేళ్ళుగా అనుకుంటున్నాం. "ఆ మేడ ఎల్లా ఉంటుందో కాస్త పెదనాన్నకి చూపించవే అమ్మా" అన్నాడు. మూడు రోజుల్లో చేసింది. ఏ మాటకామాటే చెప్పాలి, మేడ బాగుంది. మేడచుట్టూ నాలుగు చెట్లు కూడా నిలబెట్టింది. అవి గొడుగుల్లా గుండ్రంగా, ఎన్‌సీసీ కుర్రాళ్ళలా నిటారుగా, ఒక్క ఎండుటాకైనా లేకుండా ఉన్నాయి.

"ఇదేం చెట్టే?" అన్నాను.

"చెట్టు నాన్నా."

"చెట్టని నాకూ తెలుసు. ఏం చెట్టు?"

"ఏదో చెట్టు. తయారుగా దొరుకుతాయి. లాగి పడెయ్యడమే."

దాని కింద పేరు చూస్తే ఓక్ అని ఉంది. పక్కది మేపుల్. కృష్ణాజిల్లా నల్లరేగడి నేలలో, ఓక్ చెట్టు నీడన, మా అన్నయ్య పడక్కుర్చీ వేసుకుని కూర్చుంటాడన్నమాట!

తెలుగు మేష్టర్ని గదా, ఉపన్యాసం ఎత్తుకున్నాను. మన పల్లెల్లో చెట్టనే మాట ఒంటరిగా రాదనీ, చింతచెట్టనో తుమ్మచెట్టనో అంటారనీ, పేరులేని చెట్టు ఊరూ పేరూ లేని మనిషిలాంటిదనీ ఓ పావుగంట చెప్పాను. పిల్ల సావకాశంగా విని, "అయితే నాన్నా, మన వాకిట్లో వేపచెట్టుకి మొదటి పంగ ఎన్ని అడుగుల ఎత్తున ఉంది?" అంది.

నాకు తెలియదు. పుట్టింది మొదలు చూస్తున్న చెట్టు!

ఇక్కడ ఓ నిజం ఒప్పుకోవాలి. ఇరవై ఏళ్ళుగా ప్రబంధాలు పాఠం చెబుతున్నాను. అష్టాదశ వర్ణనల్లో ఉద్యానవర్ణన ఒకటి. కవిగారికి తోట కావలసి వస్తే పొన్న, పొగడ, అశోకం, సంపెంగ వరసగా దించేస్తారు. అవి ఆ నేలలో మొలుస్తాయా, ఆ ఋతువులో పూస్తాయా అని నేనేనాడూ పరీక్షలో ప్రశ్న ఇచ్చిన పాపాన పోలేదు. నా ఎదట ఓ పొన్ననీ ఓ పొగడనీ నిలబెడితే ఏది ఏదో చెప్పలేను కూడాను. అంచేత మా అమ్మాయి ఓక్ చెట్టుకీ నా పొగడచెట్టుకీ పెద్ద తేడా లేదు. రెండూ లాగి పడేసినవే.

తండ్రీ కూతుళ్ళం రాజీపడ్డాం. మోడల్లో మన వేపచెట్టే ఉండాలి.

దీనికి ఇంకో కారణం కూడా ఉంది. కొత్త ప్లాను ప్రకారం ఆ చెట్టున్న చోట కారు షెడ్డు వస్తుంది. చెట్టు కొట్టెయ్యాలని అన్నయ్య తీర్మానం. వద్దని నాకుంది. కాని గట్టిగా అనే మొహం నాకు లేదు. ఆ ఇంట్లో ఉంటున్నది అన్నయ్య. ఏడాది పొడుగునా ఆకులు ఊడ్చేది వదిన. గుడివాడ రోడ్డులో అద్దెకుంటూ, పండగపూట వచ్చి నీడన కూర్చుని కాఫీ తాగేవాణ్ణి నేను.

సరే, పని మొదలుపెట్టాం. కంప్యూటరులో చెట్టు పెంచే విద్యకు మూలపురుషుల్లో ఒకడు లిండెన్‌మేయర్. హంగరీలో పుట్టి నెదర్లాండ్స్‌లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జీవశాస్త్రజ్ఞుడు. నాచులాంటివి కణంకణంగా ఎల్లా పెరుగుతాయో చెప్పడానికి 1968లో ఓ వ్యాకరణం లాంటిది కల్పించాడు. సూత్రాలు రెండే అనుకోండి. "క" ఉన్నచోట "కచ" పెట్టు; "చ" ఉన్నచోట "క" పెట్టు. క అనేది కచ అవుతుంది. కచ కాస్తా కచక. అది మళ్ళీ కచకకచ. అక్షరాలు లెక్కపెడితే ఒకటి, రెండు, మూడు, అయిదు, తర్వాత ఎనిమిది. ఇది వినేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. ఒకదాని స్థానంలో మరొకటి వచ్చి కూర్చోవడం మన ఆదేశసంధే గదా! అక్షరాలకు బదులు కొమ్మలు పెట్టి, ఒక్కొక్క కొమ్మ రెండేసిగా చీలాలనీ, ఇంత వాలుగా చీలాలనీ సూత్రం చెబితే, కళ్ళముందు మోడు కాస్తా మాను అవుతుంది. ఆ కొమ్మల లావుకి మరో లెక్క ఉంది. అయిదువందల ఏళ్ళ కింద లియొనార్డో డావిన్సీ రాసిపెట్టినది. ఏ ఎత్తున చూసినా అక్కడి కొమ్మలన్నీ కట్టగా కడితే మొదలంత లావు ఉంటుందట. 2009 నాటి అవతార్ సినిమాలో అడవికి పనికొచ్చిన స్పీడ్ ట్రీ అనే సాధనం కూడా ఇల్లాంటి లెక్కలతో చెట్లు మొలిపించేదే. దానికి 2015లో ఆస్కారువారు సాంకేతిక బహుమతి ఇచ్చారు.

సూత్రంతో మొలిచిన చెట్టు అందంగానే ఉంది. వేపలాగానూ ఉంది. కాని మా వేప కాదు.

అంచేత టేపు పట్టుకుని చెట్టుదగ్గరికి వెళ్ళాం. మొదటి పంగ ఏడడుగుల మీద జానెడు. చుట్టుకొలత ఆరడుగుల పైచిలుకు. మబ్బుగా ఉన్నరోజు చూసి, నీడలు పడకుండా, చెట్టుచుట్టూ ప్రదక్షిణం చేస్తూ ఎనభై ఫోటోలు తీసింది పిల్ల. అవన్నీ కలిపితే టాబ్లెట్టే మానుని బెరడుతో సహా తయారుచేస్తుంది. దారినపోయే ఒకాయన ఆగి, "ఏమండీ మేష్టారూ, చెట్టుకి ఆధార్ కార్డు తీస్తున్నారా?" అన్నాడు.

ఆకులకు ఈ విద్య పనికిరాదు, గాలికి కదిలిపోతాయి. ఓ ఈనె కోసి తెల్లగుడ్డమీద పరిచాం. పదమూడు జతల ఆకులు. అంచున రంపపు పళ్ళు. ఈనె చివర ఉండవలసిన ఒంటి ఆకు లేదు. ఊడిపోయిందేమోనని ఇంకోటి కోశాను. దానికీ లేదు. వేపకు తరచు అది ఉండదట! ప్రతి ఉగాదికీ ఆ చెట్టు పూత తిన్నవాణ్ణి, ఇన్నాళ్ళకి చూశాను.

ఆకు ఆకూ విడిగా చేస్తే లక్షల్లో తేలుతుంది, టాబ్లెట్టు పెనంలాగ కాలిపోతుంది. అందుకని ఆ ఫోటోనే పల్చటి రేకులాంటి దానికి అంటించి, చుట్టూ ఉన్న ఖాళీ కనపడకుండా చేసి, మూడువేల రేకులు కొమ్మలకు తలో వాలుగా తగిలించింది. దగ్గరికి పోతే మోసం బయటపడుతుంది, దూరానికి చెట్టే. సురభివారి నాటకాల్లో తెరమీద అడవి చూసినవాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు.

చివరకు ఒక్కచోట చిక్కొచ్చింది. మాను పడమటికి, గోడవైపు ఒరిగి ఉంది. "చెట్టు వెలుతురుకేసి పోవాలి గదా నాన్నా. తూర్పంతా ఖాళీగా ఉంటే గోడమీదికెందుకు వంగింది?" అంది పిల్ల. గుండెలెత్తున మానుచుట్టూ వడ్డాణంలాగ ఓ గాడి కూడా ఉంది. అదెందుకో కూడా నాకు తెలియదు. ఉన్నది ఉన్నట్టు పెట్టేసింది.

ఆదివారంనాడు అరుగుమీద కూర్చోబెట్టి అన్నయ్యకు చూపించాం.

"షెడ్డేదే?"

"రెండూ పట్టవు పెదనాన్నా. ఇదుగో, ఇది నొక్కితే చెట్టు పోయి షెడ్డు వస్తుంది."

నొక్కాడు. చెట్టు పోయింది. మళ్ళీ నొక్కాడు. వచ్చింది. నాలుగుసార్లు అల్లా చేశాడు. తర్వాత రెండువేళ్ళతో మానుని పెద్దదిచేసి, చాలాసేపు చూసి, "ఈ గాడి కూడా పెట్టావుటే!" అన్నాడు.

"ఉందిగా, పెట్టాను. ఎందుకుందో నాన్నకీ తెలియదు."

"వాడికేం తెలుసు, అప్పటికి పుట్టందే" అన్నాడు.

1977 నవంబరు 19. దివిసీమను ఉప్పెన ముంచిన రాత్రి. సముద్రం పామర్రు దాకా రాలేదు గాని గాలి వచ్చింది. తెల్లవారేసరికి, అన్నయ్య పుట్టిన ఏడాది నాన్నగారు నాటిన ఆ వేప సగం వేళ్ళు లేచిపోయి గోడమీద ఒరిగి ఉంది. ఊళ్ళో ఎవరి కప్పుల గొడవ వాళ్ళది. సాయానికి మనిషి లేడు. నాన్నగారు చెట్టుకి తాడు కట్టి, ఏడేళ్ళ అన్నయ్య చేతికిచ్చి, "దీనిది నీ వయస్సేరా, వదలకు" అన్నారట. ఆయన తాటిదుంగ ఊత తెచ్చి నిలబెట్టేదాకా అన్నయ్య తాడు వదలలేదు. చేతులు బొబ్బలెక్కాయి. ఆ తాడు అల్లాగే ఉండిపోయి బెరడులోకి కోసుకుపోయింది. అదీ వడ్డాణం.

నేను పుట్టింది ఆ తర్వాత రెండేళ్ళకి. ఈ కథ నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. చెట్టుని కాపాడవలసినవాణ్ణి నేనే అనుకుని బయల్దేరాను. దాన్ని ఒకసారి కాపాడినవాడు నా ఎదురుగా కూర్చుని కొట్టేద్దామంటున్నాడు. "ఏదో చెట్టు"ని వేలితో తుడిచెయ్యడం సులువే. గాడితో సహా కనపడేసరికి ఎవరికైనా వేలు ఆగుతుంది.

అయితే అన్నయ్య, ఇక ఉంచుదామనలేదు. "మరి కారెక్కడ పెట్టుకుంటాంరా?" అన్నాడు. ఆ ప్రశ్నకూ న్యాయముంది. వేళ్ళు తన్ని గోడ బీటలిచ్చిన మాటా నిజమే. కాసేపాగి, "అమ్మాయ్, ఆ షెడ్డు వెనక్కి జరిపి చూడు" అన్నాడు. జరిపింది. వంటిల్లు మూడడుగులు తగ్గితే పడుతుంది.

"ఆ మూడడుగులూ నా వంటింట్లోనే దొరికాయా?" అంది వదిన గుమ్మంలోంచి.

"సరే, ఉగాది వెళ్ళనీండి. ఎల్లాగూ పూత కావాలిగా" అన్నాడు అన్నయ్య.

ఉగాది వెళ్ళింది. పచ్చడీ తిన్నాం. చెట్టుతో ఒకటీ, చెట్టు లేకుండా ఒకటీ, టాబ్లెట్టులో రెండు మేడలూ భద్రంగా ఉన్నాయి. అన్నయ్య ఏమీ తేల్చడం లేదు. తీర్పు వదిన చేతిలో ఉందని నాకు అర్థమైపోయింది. అందుకనే ఈమధ్య ఆవిడ ఇచ్చిన కాఫీ ఎల్లా ఉన్నా, బ్రహ్మాండంగా ఉందని చెప్పి తాగుతున్నాను.